ఉత్తరానికి తాళం

(రేడియోలో మహిళల కార్యక్రమం కోసం చేసిన ప్రసంగ పాఠం)



చిన్నతనంలో మా క్వార్టర్ల వరసలో నాకొక ఉద్యోగం ఉండేది. జీతం లేని ఉద్యోగం. ఉత్తరాలు చదివిపెట్టడం, రాసిపెట్టడం. గోదావరిఖనిలో బొగ్గుబావుల పనికి వచ్చినవాళ్లది ఏదో ఒక్క ఊరు కాదు కదా. ఒకరిది మంథని దిక్కు, ఒకరిది జగిత్యాల దిక్కు. ఒకరి తమ్ముడు భివండిలో మగ్గాల మీద ఉంటాడు, ఇంకొకరి మరిది దుబాయిలో ఉంటాడు. నీలం రంగు ఇన్‌లాండు లెటరు వచ్చిందంటే ఎవరితో చదివించుకోవాలా అని వెతుక్కునేవాళ్లు. మగవాళ్లు షిఫ్టులో ఉంటారు. నైటు షిఫ్టు చేసి వచ్చినవాళ్లు పగలు నిద్రలో ఉంటారు. ఏడో తరగతి చదువుతున్న నేను దొరికేదాన్ని. ఇది 1983 నాటి మాట.

చదవడమంటే గట్టిగా చదవాలి. గడప మీద కూర్చుని పాఠం అప్పజెప్పినట్టు చదివేదాన్ని. చుట్టూ నలుగురు చేరేవాళ్లు. అందులో తప్పేమీ కనిపించేది కాదు ఎవరికీ.

మా మూడో ఇంటి అక్కకు భివండి నుంచి తమ్ముడు రాశాడు ఒకసారి. "అక్కా, బావకు తెల్వనియ్యకు, నీ పుస్తెలతాడు కుదువ పెట్టి ఇచ్చిన పైసలు వచ్చే నెల పంపుత" అని. నేను అదే గొంతుతో, అదే ఊపుతో చదివేశాను. మాట నోట్లోంచి వచ్చాక గాని దాని అర్థం నా బుర్రకెక్కలేదు. అక్క మొఖం తెల్లబోయింది. సాయంత్రానికల్లా బావకు తెలిసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో మధ్యలో రెండు గోడలున్నా మాకు వినబడింది. మర్నాడు అక్క నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వేం జేస్తవ్ బిడ్డా, అండ్ల ఉన్నది నువ్వు చదివినవ్" అంది. అయితే ఆ తర్వాత ఎన్నడూ నాతో ఉత్తరం చదివించుకోలేదు. వీధి చివర ఇంకెవరి దగ్గరికో పోయేది.

ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి ఎందుకు తవ్వుతున్నానంటే, ఇప్పుడు మనకందరికీ చదువొచ్చింది, చేతిలో ఫోనుంది, ఇంట్లో కంప్యూటరుంది. అయినా మన ఉత్తరం ఇంకొకరి చేతుల మీదుగానే పోతోంది. ఎలాగంటారా?

మా కాలనీలోనే ఒకామె చిన్న కూతురికి ఏవో పరీక్షలు చేయించి, ఆ రిపోర్టులు పూణేలో ఉన్న పెద్ద కూతురికి పంపాలని నెట్టు షాపుకు వెళ్లింది. ఆమెకు ఈమెయిలు తెరిచిపెట్టింది కూడా ఆ షాపు వాళ్లే. ఎప్పుడో ఏదో అప్లికేషను పెట్టేటప్పుడు అడిగితే, వాళ్లే పేరు రాసి, వాళ్లే పాస్‌వర్డు పెట్టి, దాన్ని వాళ్ల నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఈమెకు తన ఈమెయిలు అడ్రసు కూడా సరిగా తెలియదు. రిపోర్టులు పోయాయి. వారం తిరక్కుండా, ఆ పిల్లకు కుదరబోయిన సంబంధం వాళ్లు "ఆరోగ్యం బాగలేదట గదా" అని వెనక్కు తగ్గారు. షాపులో ఎవరైనా చెప్పారో, పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు చూశారో, ఎవరూ తేల్చలేరు. తీరాచూస్తే ఆ పిల్లకున్నది థైరాయిడు. రోజుకొక మాత్ర వేసుకుంటే సరిపోయేది.

ఆమె మా ఇంటికి వచ్చి, ఏడవకుండా, చాలా మామూలుగా అడిగింది: "అక్కా, ఉత్తరానికి తాళమేసే ఉపాయం ఏమన్న ఉంటదా?"

ఉంది. దాని గురించే ఈవేళ నా మాటలు. దీన్ని ఎన్‌క్రిప్షన్ అంటారు. పేరు చూసి భయపడకండి. కుక్కరు కొత్తగా వచ్చినప్పుడు కూడా పేలుతుందని మనవాళ్లు వంటింట్లోంచి బయటికి పరిగెత్తారు.

మొదట మామూలు ఈమెయిలు సంగతి చూద్దాం. మనం పంపిన మెయిలు దారిలో వెళ్లేటప్పుడు ఈ రోజుల్లో చాలావరకు కప్పిపెట్టే తీసుకువెళ్తారు. అయితే పోస్టాఫీసులో సంచీ విప్పినట్టు, మన మెయిలు కంపెనీ యంత్రంలో, అవతలివారి కంపెనీ యంత్రంలో అది విప్పిన ఉత్తరంలాగే ఉంటుంది. ఉచితంగా మెయిలు ఇచ్చే ఒక పెద్ద కంపెనీ, గూగుల్, 2017 దాకా మన మెయిళ్లలోని మాటలను యంత్రంతో చూసి దానికి తగిన ప్రకటనలు చూపించేది. ఆ ఏడాది మానుకుంటున్నామని తనే ప్రకటించింది. అంటే అంతవరకూ చూసినట్టే కదా! మన పాస్‌వర్డు ఇంకొకరికి దొరికితే ఇక చెప్పనే అక్కర్లేదు, పెట్టె మొత్తం వాళ్లదే.

తాళం వేయడమంటే ఉత్తరంలోని అక్షరాలను ఎవరికీ అర్థం కాని గజిబిజిగా మార్చి పంపడం. చేరవలసినవారి దగ్గర మాత్రమే అది మళ్లీ ఉత్తరమవుతుంది. పాతకాలంలో రాజులూ చేశారు ఈ పని. చిక్కు ఎక్కడంటే, తాళం వేసి పంపితే తాళంచెవి కూడా పంపాలి కదా! చెవి దారిలో ఎవరికైనా దొరికితే? ఈ చిక్కును విప్పే దారి 1976లో అమెరికాలో డిఫీ, హెల్‌మన్ అనే ఇద్దరు చూపించారు. మరుసటి ఏడాది రివెస్ట్, షమీర్, ఏడిల్‌మన్ అనే ముగ్గురు దాన్ని లెక్కలోకి దింపారు.

నొక్కితే పడిపోయే తాళంకప్పను మీరు చూశారు కదా. వెయ్యడానికి చెవి అక్కర్లేదు, తియ్యడానికే కావాలి. నేను అలాంటి కప్పలు చేయించి, తెరిచి ఉన్నవాటిని ఊరందరికీ పంచిపెట్టాననుకోండి. నాకు ఉత్తరం రాయాలనుకున్నవారు పెట్టెలో పెట్టి, నా కప్పను నొక్కి పంపిస్తారు. నొక్కినవారు కూడా మళ్లీ తెరవలేరు. చెవి నా ఒక్కదాని కొంగుకే ఉంది. ఈ కప్పను పబ్లిక్ కీ అంటారు, చెవిని ప్రైవేట్ కీ అంటారు. మా దగ్గర మేము కప్ప, చెవి అనే అంటాం.

లోపల లెక్క ఏమిటని మా గుంపులో ఒక టీచరమ్మ పట్టుబట్టి అడిగింది. 61ని 53తో గుణించమంటే కాగితం మీద నిమిషంలో 3233 అని చెప్తాం. అదే, 3233 ఇచ్చి, ఇది ఏ రెండు సంఖ్యల గుణకారమో చెప్పమంటే ఎంతసేపు తడుముకోవాలి? రివెస్టు వాళ్ల పద్ధతిలో ఈ సంఖ్యకు ఆరువందల అంకెలు దాటి ఉంటాయి. ఎంత పెద్ద కంప్యూటరయినా అక్కడ తడుముకోవలసిందే. ఇంతకంటే లెక్క మనకు అవసరం లేదు. కరెంటు ఎలా పుడుతుందో తెలియకుండానే, ఎన్‌టీపీసీ పక్కనే ఉండి, మిక్సీ తిప్పుతున్నాం.

ఈ లెక్కను మామూలు మనుషుల ఈమెయిలుకు పనికొచ్చేలా చేసినవాడు ఫిల్ జిమ్మర్‌మన్. 1991లో పీజీపీ అనే ప్రోగ్రాము రాసి ఊరికే పంచిపెట్టాడు. దేశం దాటించావని అమెరికా ప్రభుత్వం ఆయన మీద విచారణ మొదలుపెట్టి, మూడేళ్లు నడిపి, 1996 జనవరిలో కేసు లేకుండానే వదిలేసింది. మధ్యలో ఆయన ఆ ప్రోగ్రాము మొత్తాన్ని పుస్తకంగా అచ్చు వేయించాడు. ప్రోగ్రామును పంపడానికి అడ్డుపడే చట్టం పుస్తకాన్ని పంపడానికి అడ్డుపడదు కదా! తెలివంటే అదీ.

"తప్పు చేసేటోళ్లకే తాళం కావాలె గదక్కా?" అని అడిగింది మా కింది ఇంటి అమ్మాయి. ఆ పిల్లనే అడిగాను, మీ బీరువాకు తాళమెందుకే అని. నవ్వి ఊరుకుంది. జస్టిస్ పుట్టస్వామి అని కర్ణాటకలో రిటైరయిన ఒక పెద్ద జడ్జిగారు వేసిన కేసులో, 2017 ఆగస్టు 24న సుప్రీం కోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఒకే మాటగా చెప్పారు, ఎవరి గుట్టు వారిదిగా ఉండడం రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కేనని. చట్టప్రకారం ప్రభుత్వం అడిగే పద్ధతి వేరే ఉంది, 2000 నాటి ఐటీ చట్టంలో. అది వాళ్ల పని. అత్తగారికీ, పక్కింటివారికీ, నెట్టు షాపుకూ ఆ చట్టం ఏ అధికారమూ ఇవ్వలేదు.

ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది. వాట్సాప్‌లో ఆ తాళం ముందే ఉంది కదా, ఇదంతా ఎందుకు? నిజమే, 2016 నుంచి అక్కడ మాటలకు తాళం ఉంది. పిల్లల కబుర్లకు అది చాలు. కాని పెద్ద కాగితాలు, పాత ఉత్తరాలు, ఏళ్ల తరబడి దాచుకోవలసినవి మెయిలులోనే ఉంటున్నాయి. బయటి దేశంలో ఉన్న పిల్లలు కాగితాలు అడిగేది మెయిలులోనే.

అట్లాగని నేను లేనిపోని ఆశ పెట్టను. ఈ తాళం ఇద్దరికీ వస్తేనే పడుతుంది. మీ ఒక్కరికే వచ్చి మీ చెల్లెలికి రాకపోతే ఆమె దగ్గర కప్ప ఉండదు, మీరు నొక్కేది దేన్ని? బ్యాంకులు, ఆఫీసులు మన దగ్గర ఇలాంటి మెయిలు తీసుకోవడం అరుదు. అందుకే ఒంటరిగా నేర్చుకునే విద్య కాదిది. పదిమంది కలవాలి.

మేము ఆరుగురం మొదలుపెట్టాం. ఆదివారం మధ్యాహ్నం, మాంసం కూర వండి, గిన్నెలు కడిగాక, మా ముందు గదిలో. రెండు ల్యాప్‌టాపులు, రెండూ పిల్లలవే. ప్రపంచంలో ఇలాంటి పేరంటాలు మాకంటే ముందే జరిగాయని తర్వాత తెలిసింది. 2012లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నుంచి ఆషర్ వోల్ఫ్ అనే మహిళ ఈ ఆలోచన లేవదీసింది. తెలిసినవారు తెలియనివారికి, డబ్బు తీసుకోకుండా, కూర్చోబెట్టి నేర్పడం. క్రిప్టోపార్టీ అని పేరు. కొన్నాళ్లలోనే ఎన్నో దేశాలకు పాకింది.

మొదటి ఆదివారం మా ఇంట్లో దాదాపు ఏడుపే. ఒకామె కప్ప పంపమంటే చెవి పంపేసింది. అంటే ప్రైవేట్ కీ. ఇక ఆ జత పనికిరాదు, పారేసి కొత్తది చేసుకోవాలి. ఇంకొకామె నాకు పంపవలసిన ఉత్తరానికి తన కప్పే నొక్కింది. నాకేమో తెరుచుకోదు. ఆమె మొఖం చిన్నబుచ్చుకుని, "మాకు గీ చదువు అబ్బదు, మా పిల్లలు అననే అన్నరు" అని లేవబోయింది.

అప్పుడు ఆమెకు చెప్పిన కథ మీకూ చెప్తాను. 1999లో అమెరికాలో విట్టెన్, టైగర్ అనే ఇద్దరు పరిశోధకులు పన్నెండుమందిని కూర్చోబెట్టి, పీజీపీ ప్రోగ్రాము ఇచ్చి, గంటన్నర టైము ఇచ్చి, తాళం వేసిన మెయిలు పంపమన్నారు. అందరూ ఈమెయిలు వాడడం బాగా తెలిసినవాళ్లే. మూడో వంతు మంది మాత్రమే చెయ్యగలిగారు. ముగ్గురు రహస్యాన్ని అసలు తాళమే లేకుండా పంపేశారు. ఏడుగురు, సరిగ్గా మా ఆమె లాగే, తమ కప్పనే నొక్కారు! విట్టెన్, టైగర్ తప్పు వాళ్లదనలేదు, ప్రోగ్రాముదన్నారు. ఇంకో సంగతి. అమెరికా ప్రభుత్వ గూఢచర్యం గుట్టు 2013లో బయటపెట్టిన స్నోడెన్, అంతకు ముందు డిసెంబరులోనే గ్రీన్‌వాల్డ్ అనే విలేఖరికి రాసి పీజీపీ పెట్టుకోమన్నాడు. ఎలా పెట్టుకోవాలో వీడియో కూడా చేసి పంపాడు. అంత పెద్ద విలేఖరి, తలనొప్పని వాయిదా వేసుకుంటూ వచ్చాడు. మన ఆదివారం ఆడవాళ్లకు ఒక రోజులో రాకపోతే నామోషీ ఏముంది?

ఆమె కూర్చుంది. ఇప్పుడు మాలో కొత్తవాళ్లకు నేర్పేది ఆవిడే.

నేర్పడంలో మేము పట్టుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. మౌసు నేర్చుకునేవారి చేతిలోనే ఉండాలి, నేర్పేవారు ముట్టుకోకూడదు. ఇది చాలా కష్టం సుమండీ! పక్కన కూర్చుని తప్పు నొక్కుతుంటే చెయ్యి దురదపెడుతుంది. మా అబ్బాయి నాకు నేర్పినప్పుడు టకటకా తనే చేసేసి "వచ్చింది చూడమ్మా" అనేవాడు. వచ్చింది వాడికి, నాకు కాదు. అడిగిన ప్రశ్నే పదోసారి అడిగినా నవ్వకూడదు. మగపిల్లలను గదిలోకి రానివ్వం. చదువుకున్నామన్న గర్వం ఉన్నవాళ్లను మొదటిరోజు టీ పెట్టడానికి పంపుతాం. ఇది నా సొంత రూలు.

మొదట నేర్పేది తాళం కాదు, పాస్‌వర్డు. నెట్టు షాపు పుస్తకంలో ఉన్న పాస్‌వర్డును మార్చుకోవాలి, సొంత ఫోను నంబరు దానికి ఎక్కించుకోవాలి. ఇల్లు ఇంకొకరి చేతిలో పెట్టి పెట్టెకు తాళం వేస్తే ఏం లాభం? షాపు కంప్యూటరులో తాళంచెవి ఎప్పుడూ పెట్టకూడదు. పని సొంత యంత్రం మీదే. కంప్యూటరులో థండర్‌బర్డ్ అనే మెయిలు ప్రోగ్రాము ఉంది, ఉచితం. 2020 నుంచి తాళం దాంట్లోనే కలిపి ఇస్తున్నారు, విడిగా ఏదీ అతికించనక్కర్లేదు. ఫోనులో కే-నైన్ మెయిల్, ఓపెన్‌కీచెయిన్ అనే రెండూ కలిసి ఈ పని చేస్తాయి. జతను తయారుచెయ్యమని నొక్కితే అదే చేస్తుంది.

చెవికి మళ్లీ ఒక రహస్య వాక్యం పెట్టుకోవాలి. ఇక్కడ మనవాళ్లు పిల్లల పేరు, పుట్టినతేదీ పెడతారు. వద్దు. పాటలో చరణం పెట్టినా ఊహించేస్తారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటలు ఐదారు ఏరుకోవాలి. కళ్లు మూసుకుని పుస్తకం తెరిచి వేలు పెట్టి ఒక్కొక్క మాట ఏరుకోమన్నాను. ఒకామెకు వచ్చిన మాటలు కలిపి చదివి ఆమే పదినిమిషాలు నవ్వింది. మాకు చెప్పలేదు, చెప్పకూడదు కూడా.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, నాకు నచ్చినది, గుర్తు చూసుకోవడం. మీ చెల్లెలి పేరు పెట్టుకుని ఇంకెవరో తమ కప్ప పంపితే? అప్పుడు మీరు దొంగ కప్పనే నొక్కి పంపుతారు. అందుకని ప్రతి కప్పకూ వేలిముద్ర లాంటి ఒక గుర్తు ఉంటుంది. నలభై అక్షరాలు, అంకెలు. ఫోను చేసి, గొంతు గుర్తుపట్టి, ఇద్దరూ నాలుగేసి చొప్పున చదువుకుని సరిచూసుకోవాలి. మాలో ఒకామె భర్త బావిలో పనిచేస్తారు. "మా ఇంటాయన ల్యాంపు రూముల నంబరు చూసుకోకుండ ల్యాంపు తీస్కుంటడా? గిదీ గంతే" అంది. నేను గంటసేపు చెప్పినది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది.

చెప్పకుండా వదలకూడనివి రెండున్నాయి. చెవి పోతే, రహస్య వాక్యం మరిచిపోతే, ఎవరి కాళ్లు పట్టుకున్నా ఆ ఉత్తరాలు తెరుచుకోవు. కంపెనీకి ఫోను చేస్తే ఇంకో చెవి ఇచ్చే ఏర్పాటు లేదు. మాలో ఒకామె కంప్యూటరు చెడిపోయి, ఆస్ట్రేలియాలో ఉన్న కూతురు రాసిన నాలుగు నెలల ఉత్తరాలు అట్లాగే మూతపడి ఉన్నాయి. చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అందుకే చెవి నకలు ఒక పెన్‌డ్రైవులో తీసి వేరేగా దాచాలి. మేము పోపుల డబ్బాలో పెట్టవద్దని చెప్పాం, ఇంట్లో అందరూ మొదట చూసేది దాన్నే. ఈ జత రద్దయిందని చెప్పే ఒక చీటీని కూడా ముందే తీసిపెట్టుకోవచ్చు, రివొకేషన్ సర్టిఫికెట్ అంటారు. చెవి పోయిననాడు దాన్ని అందరికీ పంపితే ఆ కప్పను ఇక వాడరు.

రెండోది, తాళం ఉత్తరానికే గాని కవరుకు కాదు. ఎవరు ఎవరికి, ఎప్పుడు రాశారో పైన కనబడుతూనే ఉంటుంది. పైన రాసే విషయం లైను కూడా కొన్ని ప్రోగ్రాముల్లో బయటికే ఉంటుంది. లోపల ఎంత దాచినా, పైన "అమ్మాయి థైరాయిడ్ రిపోర్టు" అని రాస్తే ఏమయింది? మేమందరం పైన "క్షేమం" అనే రాస్తాం.

ఇంగ్లీషు రావాలా అని అడుగుతారు కొత్తవాళ్లు. బటన్ల మీద ఇంగ్లీషు మాటలు ఒక పది గుర్తుపట్టాలి, అంతే. ఉత్తరం తెలుగులోనే రాయవచ్చు, తాళానికి భాషాభేదం లేదు.

ఆ రిపోర్టుల తల్లి ఈ నెలలో తన పెద్ద కూతురికి మొదటి ఉత్తరం పంపింది. అమ్మాయి పూణే నుంచి నేర్చుకోవడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఫోనులో మేమే నేర్పాం. ఉత్తరంలో ఏముందో నాకు తెలియదు. తెరుచుకుందా అని మాత్రం అడిగాను. తెరుచుకుందట. ఈ ఆదివారం ఇంకో ముగ్గురు వస్తామన్నారు, ఒకామెకు అరవై రెండేళ్లు. కుర్చీలు చాలవు, పక్కింటి నుంచి తెప్పించాలి.